కొండకు వెళ్లే బండికి ఎన్ని స్టెప్నీలు?

మనాలి నుంచి లేహ్ వెళ్లే దారిలో, అటల్ సొరంగం దాటాక, చంద్ర, భాగ నదులు కలిసే చోట తాండీ అనే చిన్న ఊరుంది. అక్కడి పెట్రోలు బంకు దగ్గరి బోర్డు దేశంలోని యాత్రికులందరికీ తెలిసిందే: తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో ఉందని హెచ్చరించే బోర్డు అది. టీజీ, ఏపీ నంబరు బండ్లూ అక్కడ ఆగుతాయి. ట్యాంకు నిండా కొట్టించి, క్యాన్లలో ఇంకాస్త పట్టించుకుని, బోర్డు పక్కన ఫొటో దిగి కదులుతాయి. వెనక తలుపుకు వేలాడే ఐదో చక్రంలో గాలి ఉందో లేదో అక్కడ చూసుకునేవారు తక్కువ.

నిజానికి దారిలో డీజిల్ అయిపోతే వెనకొచ్చే బండిని ఆపి ఐదు లీటర్లు అడగవచ్చు. ఏ కంపెనీ బండి డీజిలైనా మన ఇంజనులో మండుతుంది. చక్రం సంగతి వేరు. రిమ్ సైజు కలవాలి, నట్ల సంఖ్య కలవాలి, నట్ల మధ్య దూరం కలవాలి. అన్నీ కలిసినా, అంత దూరంలో ఉన్న మనిషి తన ఒక్క స్టెప్నీని మనకిచ్చి వట్టి చేతులతో ఎందుకు వెళ్తాడు?

మనుషులు తక్కువగా తిరిగే రాళ్ల దారులకు ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో వెళ్లేవారి దగ్గర పూర్తి సైజు స్టెప్నీ ఒకటి తప్పనిసరిగా ఉండాలి. దారిని బట్టి రెండోది కూడా ఉండాలి. ఆ దారుల బొమ్మలు చూపించి బండ్లు అమ్మే కంపెనీలకు ఆ ఐదో చక్రాన్ని ఎగ్గొట్టే వెసులుబాటు ఉండకూడదు.

మన అలవాట్లు వేరే రోడ్ల మీద ఏర్పడ్డాయి. తెలుగు నేలపై హైవే పక్కన తెల్ల రంగు వేసిన పాత టైరు వేలాడుతుంటే అక్కడ పంక్చర్ షాపు ఉన్నట్టే. కేరళ నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు నడిపే షాపులూ వాటిలో ఎన్నో. అర్ధరాత్రి తలుపు తట్టినా కళ్లు నులుముకుంటూ లేచి జాకీ పట్టుకొచ్చే మనిషి దొరుకుతాడు. ఆ భరోసా వల్లే చాలామందికి బండి కొన్న నాటి నుంచి అమ్మే నాటి దాకా స్టెప్నీ ముఖం చూసే అవసరమే రాదు. ఆ ధీమాతోనే లద్దాఖ్‌కూ బయల్దేరుతారు.

స్టెప్నీ అన్న మాట ఎక్కడిదో చూస్తే ఆ చక్రం విలువ ఇంకాస్త తెలుస్తుంది. తొలినాళ్ల కార్లకు అదనపు చక్రం ఉండేది కాదు. టైరు పోతే దారి మధ్యలోనే విప్పి, ట్యూబుకు అతుకేసి, మళ్లీ ఎక్కించి, చేతి పంపుతో గాలి కొట్టాల్సిందే. 1904లో వేల్స్ దేశపు లనెల్లి పట్టణంలో డేవిస్ సోదరులు దీనికో ఉపాయం కనిపెట్టారు. ఆకులు లేని గుండ్రటి రిమ్‌కు ముందే గాలి నింపిన టైరు తొడిగి, పంక్చరైన చక్రానికి పక్కన బిగించేలా తయారుచేశారు. వారి దుకాణం ఉన్నది స్టెప్నీ వీధిలో. ఆ వీధి పేరే సరుకు పేరైంది. అలాంటి రిమ్ వాడకం ఏనాడో పోయినా పేరు మాత్రం ఇండియా, బంగ్లాదేశ్, మాల్టా డ్రైవర్ల నోళ్లలో నిలిచింది. మనవాళ్లయితే రావాల్సినవాడు రాకపోతే బరిలోకి దింపే ఆటగాణ్ని కూడా స్టెప్నీ అనేస్తారు.

నూట పదహారేళ్ల తర్వాత మన ప్రభుత్వం ఆ చక్రం లేకపోయినా ఫర్వాలేదంది. 2020 జులైలో కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ మోటారు వాహనాల నిబంధనలను సవరించింది. డ్రైవరుతో కలిపి తొమ్మిది సీట్లకు మించని, 3.5 టన్నుల లోపు ప్రయాణికుల బండ్లలో ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి ఎంతుందో చెప్పే టీపీఎంఎస్, పంక్చర్ కిట్ ఉంటే స్టెప్నీ అక్కర్లేదని దాని సారాంశం. ఎలక్ట్రిక్ బండ్లలో పెద్ద బ్యాటరీకి చోటు దొరుకుతుందన్నది చెప్పిన కారణాల్లో ఒకటి.

ఊళ్లో తిరిగే బండి విషయంలో ఈ వాదనను తోసిపుచ్చలేం. బంజారాహిల్స్ నుంచి గచ్చిబౌలికి వెళ్లొచ్చే కారు ఏళ్ల తరబడి ఒక చక్రాన్ని మోయడం వల్ల ఇంధనమూ, డిక్కీలో చోటూ వృథా. టైరులో మేకు దిగితే కిట్‌లోని ద్రవం పోసి, చిన్న కంప్రెసర్‌తో గాలి కొట్టుకుని దగ్గర్లోని షాపుకు చేరొచ్చు. చిక్కంతా నిబంధన బండి సైజునూ సీట్లనూ లెక్కపెట్టి, అది తిరిగే దారిని లెక్కలోకి తీసుకోకపోవడంతోనే. నగరంలో తిరిగే చిన్న కారుకూ, మంచు కొండల మధ్య వాగు దాటుతున్నట్టు ప్రకటనల్లో చూపించే ఫోర్ వీల్ డ్రైవ్ బండికీ అదే మినహాయింపు.

రాళ్ల దారిలో మేకులు గుచ్చుకోవు. అక్కడ టైరు కోసుకుపోతుంది. నేలను తాకే భాగం కింద రేడియల్ టైరుకు ఉక్కు తీగల పట్టీలుంటాయి. పక్క గోడకు సన్నటి దారాల పొరలే దిక్కు, ఎందుకంటే అది అటూఇటూ వంగుతూ ఉండాలి. అరికాలికి చెప్పు ఉంటుంది, చీలమండకు ఉండదు కదా, అలాగ. పదునైన పలక రాయి ఆ గోడను ఒరుసుకుంటే పడేది వేలెడు చీలిక. కిట్‌లోని ద్రవం దాన్ని మూయలేదు, రబ్బరు స్ట్రిప్ అందులో నిలవదు. టీపీఎంఎస్ తన వంతుగా గాలి పోతోందని డ్యాష్‌బోర్డు మీద దీపం వెలిగిస్తుంది. అంతకుమించి అది చేయగలిగింది లేదు.

రిమ్‌కూ అదే ప్రమాదం. గుంతలో దిగబడిన వేగానికి అల్లాయ్ వీల్ పగిలితే అతికించే మందు ఏ కిట్‌లోనూ ఉండదు. ఇనుప రిమ్ వంగితే సుత్తితో కొట్టి కొంతవరకు సరిచేయవచ్చు. అందుకే మారుమూల దారులు తెలిసినవాళ్లు స్టెప్నీ అంటే రిమ్‌తో సహా గాలి నింపి సిద్ధంగా ఉన్న చక్రమనే అంటారు.

మరి ఒకటి చాలదా? మొదటి టైరు పోయి స్టెప్నీ ఎక్కించిన క్షణం నుంచి అది స్టెప్నీ లేని బండి. ముందున్న రాళ్లు మాత్రం తగ్గవు. పైగా ముందు చక్రాన్ని కోసిన రాయి మీదికే అదే వైపు వెనక చక్రమూ వస్తుంది కాబట్టి ఒకే చోట రెండూ పోయే అవకాశమూ ఉంది. నిమ్ము, పదుమ్, దార్చాలను కలుపుతూ జన్‌స్కార్ లోయగుండా సాగే 298 కిలోమీటర్ల రోడ్డును సరిహద్దు రహదారుల సంస్థ 2024 మార్చిలో అనుసంధానించింది. షింకు లా కనుమ ఎక్కి దిగే ఆ దారిలో పంక్చర్ వేసేవారు దొరకవచ్చు. పక్క చీలిన 18 అంగుళాల టైరుకు బదులు అదే సైజు కొత్తది ఊళ్లో ఉంటుందన్న నమ్మకంతో బయల్దేరడం తెలివైన పని కాదు.

ఈ లెక్కను ఇతర దేశాలు ఎప్పుడో వేసుకున్నాయి. అలాస్కాలో డాల్టన్ హైవే ఉంది. చమురు పైపులైను నిర్మాణం కోసం 1974లో వేసిన 666 కిలోమీటర్ల దారి. కోల్డ్‌ఫుట్ అనే మజిలీ దాటితే డెడ్‌హార్స్ వరకు సుమారు 385 కిలోమీటర్లు ఏ సదుపాయమూ ఉండదు. తాండీ బోర్డులోని దూరానికి ఇంచుమించు సమానం. ఆ దారి గురించి అమెరికా ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ ఇచ్చే సలహా సూటిగా ఉంటుంది: రిమ్‌లకు ఎక్కించిన పూర్తి సైజు స్టెప్నీలు కనీసం రెండు.

నమీబియాలో కంకర రోడ్లే ఎక్కువ. అక్కడ విహారానికి అద్దెకిచ్చే ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లకు రెండు స్టెప్నీలుండటం మామూలు విషయం. పశ్చిమ ఆస్ట్రేలియాలో విలూనా నుంచి హాల్స్ క్రీక్ దాకా ఎడారుల మీదుగా సాగే కానింగ్ స్టాక్ రూట్ పొడవు దాదాపు 1,850 కిలోమీటర్లు. పశువుల మందలను తోలడానికి ఆల్‌ఫ్రెడ్ కానింగ్ బృందం 1908-10 మధ్య బావులు తవ్వుతూ వేసిన బాట అది. దాన్ని దాటడానికి రెండు, మూడు వారాలు పడుతుంది. మందల కోసం నీళ్లెక్కడ దొరుకుతాయని ఆనాడు వేసిన లెక్కనే ఈనాటి యాత్రికులు టైర్ల విషయంలో వేస్తారు. రెండు చక్రాలో, లేదంటే ఒక చక్రమూ రిమ్ లేని ఒక ఉత్త టైరో వెంట తీసుకునే కదులుతారు.

కాలిఫోర్నియా తెలుగువాళ్లకు దగ్గర్లోనే మరో ఉదాహరణ ఉంది. డెత్ వ్యాలీలో రాళ్లు తమంతట తామే జరిగినట్టు గీతలు కనిపించే రేస్‌ట్రాక్ మైదానం పేరు విననివారుండరు. పల్చటి మంచు పలకలు గాలికి కదిలి ఆ రాళ్లను నెడతాయని 2014లో పరిశోధకులు తేల్చారు. అక్కడికి చేరాలంటే ఉబెహీబీ బిలం నుంచి 43 కిలోమీటర్లు కంకర మీద వెళ్లాలి. కదలని రాళ్లతోనే అసలు గొడవ. ఆ దారిలో టైర్లు పోవడం మామూలేనని నేషనల్ పార్క్ సర్వీసు పదేపదే హెచ్చరిస్తుంది. వారాంతంలో విమానాశ్రయం దగ్గర అద్దెకు తీసుకున్న బండిలో, అందులోని సన్నపాటి తాత్కాలిక చక్రాన్ని నమ్ముకుని వెళ్లకూడని చోటు అది.

ఆ సన్న చక్రం గురించీ చెప్పుకోవాలి. ఖర్చూ చోటూ కలిసొస్తాయని చాలా బండ్లలో ఇప్పుడు స్పేస్ సేవర్ పెడుతున్నారు. గంటకు 80 కిలోమీటర్లు దాటొద్దని సాధారణంగా దాని మీదే రాసుంటుంది. తారు రోడ్డు మీద షాపు దాకా చేర్చడానికి అది సరిపోతుంది. కొండ మీద కథ మారుతుంది. మిగతా మూడింటి కన్నా దాని చుట్టుకొలత తక్కువైతే, ఒక్కో చక్రం ఒక్కో వేగంతో తిరిగి, ఫోర్ వీల్ డ్రైవ్‌లో డిఫరెన్షియల్ మీద భారం పడుతుంది. అంటే ఫోర్ వీల్ డ్రైవ్ అవసరమైన చోటే దాన్ని వాడొద్దని చెప్పే చక్రమన్నమాట.

రెండో స్టెప్నీని వద్దనేవారి వాదనలోనూ పస ఉంది. పెద్ద ఫోర్ వీల్ డ్రైవ్ బండి చక్రం ముప్పై, నలభై కిలోలు తూగుతుంది. ఇంటికి తెచ్చుకునే 25 కిలోల బియ్యం బస్తా కన్నా బరువు. దాన్ని పైకప్పు మీద కడితే బండి ఎత్తులో బరువు పెరిగి, పక్కకు వాలిన దారిలో ఒరిగే ప్రమాదం ఎక్కువవుతుంది. కప్పు ఎంత మోయగలదో కంపెనీ ఇచ్చే పుస్తకంలో ఉంటుంది, దాన్ని తెరిచి చూసేవాళ్లు తక్కువ. లోపల పెడితే సామాను చోటు పోతుంది, గట్టిగా కట్టకపోతే సడన్ బ్రేకుకు అదే ముందుకు దూసుకొస్తుంది. అసలు బరువెక్కిన బండి టైర్లే త్వరగా దెబ్బతింటాయి. మంచి టైర్లు వేసి, గాలి సరిచూసి, నెమ్మదిగా నడిపితే మొదటి స్టెప్నీయే దిగదని అనుభవజ్ఞులు అనడంలో అబద్ధం లేదు.

కాబట్టి రెండోది అందరికీ అక్కర్లేదు. మూడు ప్రశ్నలు వేసుకుంటే అవసరం తేలిపోతుంది. మన సైజు టైరు ఖాయంగా దొరికే ఊరు ఎన్ని గంటల దూరమో, ఎన్ని రోజుల దూరమో మొదటిది. దారి ఇసుకా, మట్టా, పలక రాళ్లా అన్నది రెండోది. వెంట ఎన్ని బండ్లు వస్తున్నాయి, వాటి చక్రాలు మనకు సరిపోతాయా అన్నది మూడోది. ఒకే మోడల్ బండ్లు నాలుగు కలిసి వెళ్తే నాలుగు స్టెప్నీలు నలుగురివీ. ఒక థార్, ఒక జిమ్నీ, ఒక ఫార్చూనర్ కలిసి వెళ్తే ఎవరి స్టెప్నీ వారిదే. మనాలి-లేహ్ మామూలు దారిలో వేసవి రద్దీలో వెళ్లేవారికి ఒక పూర్తి సైజు చక్రం, పంక్చర్ కిట్, కంప్రెసర్ చాలు. గ్రాంఫు నుంచి బాతల్ మీదుగా కుంజుమ్ కనుమకు, అక్కడి నుంచి స్పితికి రాళ్ల మీద ఒంటరిగా వెళ్లే బండికి చాలవు. హాన్లే దాటి, 5,798 మీటర్ల ఉమ్లింగ్ లా దాకా పోయే బండికీ చాలవు.

రిమ్ లేకుండా ఉత్త టైరు తీసుకెళ్లడం మధ్యే మార్గం. పదీ పదిహేను కిలోలు తగ్గుతాయి. కానీ రిమ్‌కు గట్టిగా పట్టుకుపోయిన పాత టైరు అంచును ఊడదీయడానికి ఇనుప కడ్డీలు కావాలి, కొత్తదాన్ని ఎక్కించాక అంచు కూర్చునేలా గాలి కొట్టే బలమైన కంప్రెసర్ కావాలి, అన్నిటికీ మించి ఆ పని ముందే చేసి చూసిన చెయ్యి కావాలి. ఆటోనగర్ కుర్రాడు నిమిషాల్లో చేసే పనే. అయిదు వేల మీటర్ల ఎత్తున, సముద్ర మట్టంతో పోలిస్తే ప్రాణవాయువు సగమే అందే చోట, నాలుగడుగులకే ఆయాసమొచ్చే మనిషికి పూట పడుతుంది.

అంత ఎత్తు టైరులోని గాలినీ తికమక పెడుతుంది. బయటి ఒత్తిడి తగ్గేసరికి మీటరులో టైరు గాలి పెరిగినట్టు కనిపిస్తుంది. ఉష్ణోగ్రత మారకపోతే, హైదరాబాద్‌లో 33 పీఎస్‌ఐ కొట్టించిన టైరు 5,000 మీటర్ల దగ్గర దాదాపు 39 చూపిస్తుంది. అయితే 35 డిగ్రీల ఎండలో కొట్టించిన గాలి సున్నా డిగ్రీల తెల్లవారుజామున అయిదు పీఎస్‌ఐ దాకా దిగుతుంది కాబట్టి పొద్దున్నే చూస్తే అంతా మామూలుగానే ఉంటుంది. ఎండెక్కాక పెరుగుతుంది. రాళ్ల దారిలో కొంచెం గాలి తగ్గించి నెమ్మదిగా వెళ్లడం మంచిదే. టైరు రాయిని మింగినట్టు ఒదిగిపోతుంది. తీరా కొండ దిగి పంజాబ్ హైవే ఎక్కాక ఆ గాలి తిరిగి నింపడం మరిచిపోతేనే ముప్పు. తక్కువ గాలితో గంటకు వంద కిలోమీటర్ల వేగంతో పోయే టైరు పక్క గోడ వేడెక్కి అక్కడ పేలుతుంది. కొండ మీద దక్కించుకున్న స్టెప్నీ మైదానంలో ఖర్చవుతుంది.

ఇంతకీ ఉన్న ఆ ఒక్క స్టెప్నీ పనికొచ్చే స్థితిలో ఉందా? టైరు పక్కన గుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైనట్టు. ఒక్క కిలోమీటరు తిరగకపోయినా రబ్బరుకు వయసు మీద పడుతుంది. తయారై పదేళ్లు దాటిన టైరును, స్టెప్నీ అయినా సరే, మార్చేయమని మిషెలిన్ వంటి కంపెనీలే చెబుతాయి. సెకండ్ హ్యాండ్ ఎస్‌యూవీ కొన్నవారు నాలుగు టైర్ల గాట్లు వేలితో తడిమి చూస్తారు, ఐదోదాని పుట్టిన తేదీ చదవరు.

అది ఉండే చోటు కూడా ముఖ్యమే. థార్, జిమ్నీ, గూర్ఖా వంటి బండ్లకు స్టెప్నీ వెనక తలుపు మీద ఉంటుంది, చెయ్యి చాస్తే అందుతుంది. ఇన్నోవా, ఫార్చూనర్లకు బండి కింద వేలాడుతుంది. ఏళ్ల తరబడి బురదా నీళ్లూ తగిలి దాన్ని దించే గొలుసు తుప్పు పట్టి ఉంటే, టైరు పోయిన చోట ఆ సంగతి తెలిసి లాభం లేదు. బండి బురదలో కూరుకుపోతే దాని కిందికి దూరడమే కుదరదు.

జాకీ, స్పానర్‌ల పరిస్థితీ ఇంతే. ఇసుకలో జాకీ పైకి లేపేది బండిని కాదు, తనే నేలలోకి దిగుతుంది. కింద పెట్టడానికి మందపాటి చెక్క ముక్క ఉండాలి. షాపుల్లో ఎయిర్ గన్‌తో బిగించిన నట్లు బండితో వచ్చిన పొట్టి స్పానర్‌కు లొంగవు. పొడవాటి పిడి ఉన్నది వేరే కొనుక్కోవాలి. దొంగల భయానికి తాళం నట్టు పెట్టించుకుని దాని తాళం ఇంట్లో సొరుగులో మరిచిపోయేవాళ్లూ ఉంటారు. వీటన్నిటికీ పరిష్కారం ఒక్క ఆదివారం ఉదయం. ఇంటి ముందు నాలుగు చక్రాల్లో ఏదో ఒకదాన్ని సొంత పనిముట్లతో విప్పి, స్టెప్నీ ఎక్కించి, కాలనీ చుట్టూ ఒక రౌండు తిరిగి రావాలి. ఏది లేదో అక్కడే తెలుస్తుంది.

యాత్రికుడి జాగ్రత్తతోనే ఇదంతా తీరిపోదు. 2020 నాటి మినహాయింపు నుంచి ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లను తప్పించాలి. వాటికి మిగతా నాలుగింటితో సమానమైన ఐదో చక్రం ఇవ్వడం తయారీదారు బాధ్యత కావాలి. దాన్ని అదనపు సామగ్రి జాబితాలో పెట్టి డబ్బు వసూలు చేయనివ్వకూడదు. బ్యాటరీకి చోటు కావాలనే ఎలక్ట్రిక్ ఎస్‌యూవీలకూ ఇదే వర్తించాలి. చోటు లేకపోతే వెనక తలుపు ఉంది. సెల్ఫ్ డ్రైవ్ బండ్లు అద్దెకిచ్చేవారు గీతల ఫొటోలు తీసి సంతకం పెట్టించుకున్నట్టే, స్టెప్నీ గాలినీ తయారీ తేదీనీ జాకీనీ చూపించి సంతకం పెట్టించుకోవాలి.

హిమాచల్, లద్దాఖ్ యంత్రాంగాలు చేయాల్సిన పని ఇంకా చిన్నది. డాల్టన్ హైవే ఎక్కేవారికి అమెరికా చెబుతున్నట్టు, ఏ దారికి ఎన్ని స్టెప్నీలు కావాలో, టైర్లు అమ్మే షాపు ఏ ఊళ్లో ఉందో అనుమతి పత్రాలిచ్చే చోటా చెక్‌పోస్టుల్లోనూ రాసిపెట్టాలి. తాండీలో ప్రతి బండీ ఎలాగూ ఆగుతుంది, ప్రతి ఒక్కరూ ఆ బోర్డు చదువుతారు. అదే స్తంభానికి కింద ఇంకో రేకు బిగించి, తర్వాతి టైర్ల షాపు ఎన్ని కిలోమీటర్లో రాయడానికి మహా అయితే డబ్బా రంగు ఖర్చు.